కొమ్మలు నిలబడి ఉన్నన్నాళ్లు

ఏప్రిల్ 6

ఈస్టర్ అయిపోయింది. సెలవులకి క్యాబిన్లలో దిగిన వాళ్లంతా కొండ దిగిపోయారు. గడ్డకట్టిన జలాశయం మీద నారింజ తొక్కలు, స్కీల గీతలు, ఎవరి పిల్లాడిదో ఒక టోపీ మిగిలాయి.

ఐస్ మీద దారి గుర్తుకి నాటిన కొమ్మలు మొన్నటి మంచుగాలికి సగం పడిపోయాయి. ఎప్పుడూ బర్చ్ కొమ్మలే నాటతాను. ఈసారి బర్చ్ పొదలన్నీ మంచులో కూరుకుపోయి ఉన్నాయి, తవ్వి తీసే ఓపిక లేకపోయింది. ఇంటి వెనక ముసలి స్ప్రూస్ ఒకటి గాలికి కూలింది. దాని కొమ్మలే నరికి స్నో స్కూటర్ వెనక స్లెడ్జిలో వేసుకున్నాను. కొమ్మకొమ్మకీ నాచు, ముసలాళ్ల గడ్డాల్లా వేలాడుతోంది.

బరమాతో ఐస్‌కి కన్నం పెట్టాలి, కొమ్మ దించాలి, చుట్టూ తడిమంచు కూరాలి. తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటుంది. దూరానికి కనబడాలని ఒక్కోదానికి ఎర్ర ఊలు ముడి. ఆ ఊలు అక్క అల్లిచ్చిన చేతితొడుగులది. చిరిగిపోతే విప్పేశాను. అక్కకి చెప్పలేదు.

ఆనకట్ట నుంచి అవతలి గట్టు దాకా నాటేసరికి నడుం పట్టేసింది. సూప్ తాగి పడుకుంటాను.

ఏప్రిల్ 7

కంట్రోల్ రూమ్ నుంచి ట్రూల్స్ ఫోన్ చేశాడు. అతనికిది మూడో శీతాకాలం. ఇంతవరకూ మొహం చూళ్లేదు. గొంతు మర్యాదగా ఉంటుంది. కొండల మీద ఈసారి మంచు బాగా ఎక్కువట. ఎండ ఒక్కసారిగా ముదిరితే జలాశయంలో చోటు చాలదట. ఇప్పుడే దించడం మొదలుపెట్టాలి, కొమ్మలెప్పుడు పీకుతారని అడిగాడు.

మంద దాటాక అన్నాను.

మంద ఎప్పుడు దాటుతుందన్నాడు. మందని అడగాలన్నాను. నవ్వాడు పాపం.

ఈ ఒప్పందం నాకన్నా పాతది. ఆనకట్ట కట్టి లోయని ముంచినప్పుడు రెయిన్‌డీర్లు నడిచే బాట నీళ్లకింద పోయింది. దానికి బదులుగా రాసిచ్చారు. వసంతంలో చూడి రెయిన్‌డీర్లు ఈనడానికి అవతలి గట్టుకి పోయేదాకా ఐస్ మీద దారి చూపించడం కంపెనీ బాధ్యత. కొమ్మలు నిలబడి ఉన్నన్నాళ్లు నీళ్లు మెల్లగా తప్ప దించకూడదు. కొమ్మలు పీకేస్తే దారి మూసినట్టు. ఆ పైన కింది గేటు ఎంత తెరుచుకున్నా వాళ్లిష్టం.

నాటేది నేను, పీకేది నేను. ఆనకట్ట కాపలా మనిషికి ఉన్న అధికారం అంతే.

ఏప్రిల్ 9

గున్వర్ అక్క ఫోన్. బావకి తుంటి నొప్పి తగ్గలేదట. ఆలుగడ్డ విత్తనం మొలకకి పెట్టారట. ఇంకా ఏవేవో చెప్పింది. అడగాలనుకున్నది చివర్న అడిగింది. నీళ్లెప్పుడు దించుతారే అని.

వాళ్ల చేను ఆనకట్ట దిగువన ఏటి పక్కనే, పళ్లెంలా ఉంటుంది. పోయినసారి వరదకి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. రెండేళ్లు ఏమీ పండలేదు. ఇంకోసారి మునిగితే ఇక దున్నను అని బావ అప్పుడే అన్నాడు.

మంద ఇంకా రాలేదక్కా అన్నాను. ఊఁ అంది. తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

ఏప్రిల్ 11

మంచు. మళ్లీ మంచు.

ఏప్రిల్ 12

యోవ్నా వచ్చాడు, కోడలు ఎల్లేతో. మంద వాళ్లదే. కాఫీలో ఎండు మాంసం ముక్కలు వేసుకుని తాగుతాడు, నా ఇంట్లో అయినా సరే మాంసం తనే తెచ్చుకుంటాడు. మార్చిలో వుల్వరీన్ ఒకటి, ఎలుగుపిల్లంత ఉండే వేటజంతువు, మీద పడి మందని మూడు కొండలకి చెదరగొట్టిందట. ఏరుకొస్తున్నారు. అందుకే ఆలస్యం.

నీటి సంగతి చెప్పాను. తలూపాడు. ఈ గట్టున ఈనితే లోతు మంచులో పిల్లలు లేవలేవు, వుల్వరీన్ ఎలాగూ ఇక్కడే ఉంది, ఈ ఏడు పిల్లల మీద ఆశ వదులుకోవడమే అన్నాడు. లారీల్లో తోలుకుపోవచ్చు కదా అని అందరూ అడిగేదే నేనూ అడిగాను. చూడి పశువుని లారీ ఎక్కిస్తే దించేది పశువుని మాత్రమే అంది ఎల్లే. ఆ పిల్ల తక్కువ మాట్లాడుతుంది.

వెళ్తూ వెళ్తూ యోవ్నా మొదటి కొమ్మ దగ్గర ఆగాడు. నాచుని వేళ్లతో నలిపి చూశాడు.

"దారి వేశావా, విందు వడ్డించావా తల్లీ?"

నవ్వేసి ఊరుకున్నాను. రెయిన్‌డీర్లకి ఆ నాచు అంటే ప్రాణమని నాకు తెలీక కాదు. మళ్లీ నరికి, మళ్లీ నాటాలంటే నడుం ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 15

కింద ఊళ్లో టౌన్ హాల్లో మీటింగు. కంపెనీ వాళ్లు పటాలు చూపించారు. సాల్మన్ చేపలు పట్టేవాళ్లు, గేటు ఒక్కసారిగా తెరిస్తే ఏట్లో పిల్ల చేపలు కొట్టుకుపోతాయి, మెల్లగా తెరవాలన్నారు. రైతులు, మెల్లగా అంటూ కూర్చుంటే మే నెల వస్తుందన్నారు. క్యాబిన్ల సంఘం ఆయన, ఈస్టర్ సెలవుల్లో ఐస్ పగుళ్ల గురించి ఫిర్యాదు చేశాడు. ఈస్టర్ అయిపోయింది కదా అని ఎవరో అన్నారు. వచ్చే ఈస్టర్ గురించి అన్నాడాయన.

వాఫుల్స్ ఉన్నాయి, బ్రౌన్ చీజ్ ఉంది. ఎవరికీ ఎవరి మాటా తప్పనిపించలేదు, అదే బాధ. అందరి లెక్కా సరైనదే. నీళ్లు మాత్రం ఒక్కటే.

నాలుగు జంతువుల కోసం ఊరు ముంచుతారా అని వెనక వరసలోంచి ఒకాయన అన్నాడు. నేను తల తిప్పలేదు. పక్కన అక్క కూడా తిప్పలేదు.

కారు దాకా ఇద్దరం నడిచాం. అక్క తాళం చేతిలో పట్టుకుని నిలబడింది.

"మంద మునిగితే పేపర్లో వస్తుందే. మా చేను మునిగితే నాకే తెలుస్తుంది."

కోపంగా అనలేదు. ఇంటికి తీసుకెళ్లమని చేపల కట్‌లెట్లు ఇచ్చింది డబ్బాలో.

ఏప్రిల్ 17

ఇరుకు దగ్గర ఐస్ కొలిచాను. రెండు కొండల మధ్య జలాశయం సన్నబడే చోటు అది. దాటడానికి దగ్గర దారి అక్కడే, అందుకే కొమ్మలు ఆ పక్కగా పెడతాను. పైన నీళ్లు తగ్గేకొద్దీ అక్కడ ఐస్ కింద ప్రవాహం ఏరులా పరుగెడుతుంది. కిందినుంచి కొరుకుతుంది. బరమా అనుకున్నదానికన్నా తొందరగా దిగిపోయింది.

అక్కడి కొమ్మలు పీకి దారిని పైకి జరిపాను. దూరం ఎక్కువ, ఐస్ గట్టి.

ఏప్రిల్ 19

ట్రూల్స్. వచ్చే వారం వాన అంటున్నారట. అతని పైవాళ్లు రోజూ అడుగుతున్నారట. మీ కెమెరాలో చూసుకోండి, కొమ్మలున్నాయి కదా అన్నాను. పోయిన శరత్కాలంలో ఆనకట్ట మీద కెమెరా పెట్టారు. ఇక రోజూ ఫోన్ చేసి మిమ్మల్ని విసిగించం అన్నారప్పుడు. ఇప్పుడు చూసి మరీ ఫోన్ చేస్తున్నారు.

సాయంత్రం యోవ్నా కబురు. మంద చేరింది. అడవి అంచున విశ్రాంతి. ఎల్లుండి దాటిస్తాం అన్నాడు.

ఎల్లుండి. ఈ మాటకోసం పన్నెండు రోజులుగా అందరితో మాటలు పడ్డాను.

ఏప్రిల్ 20

పొద్దున్నే అవతలి గట్టుకి పోయాను, మంద ఎక్కే చోటు చూడ్డానికి. అక్కడ ఫోన్ పలకదు. ఐస్ బాగుంది. రొట్టె తిన్నాను. ఎండలో కాసేపు స్లెడ్జి మీద కూర్చుండిపోయాను కూడా. రాయకూడదు కానీ, కునుకు పట్టింది.

తిరిగొస్తుంటే శబ్దం వినబడింది. ముందు చెవుల్లో రక్తం హోరు అనుకున్నాను. ఆనకట్ట దగ్గరపడేకొద్దీ తెలిసింది. కింది గేటు.

ఈ వైపు కొమ్మలు లేవు. నిలబడినవి లేవు, అంతే. కొన్ని పడి ఉన్నాయి, కొన్ని నడిమికి విరిగి ఉన్నాయి. మందలోంచి తప్పించుకొచ్చిన రెయిన్‌డీర్లు ఐదారు, ఆఖరి కొమ్మ చుట్టూ చేరి తీరిగ్గా నాచు పీక్కుతింటున్నాయి. ఒకదాని కొమ్ముకి ఎర్ర ఊలు వేలాడుతోంది.

ట్రూల్స్‌కి ఫోన్ చేశాను. దారి మూసేశారనుకున్నానండీ అన్నాడు. కెమెరాలో కొమ్మలు లేవట. నాకు నాలుగుసార్లు చేశాడట, అందలేదట. పైవాళ్లకి చెబితే తెరవమన్నారట. ఉదయం పదినుంచి తెరిచి ఉంది.

అతని తప్పు లేదు. కొమ్మలు లేకపోతే దారి లేదు, రాసుకున్నది అదే. రెయిన్‌డీర్ తిన్నా, నేను పీకినా కెమెరాకి ఒకటే.

మూసెయ్యమన్నాను. తెరిచిన గేటు మూయడానికి కారణం రాయాలన్నాడు. మంద రేపే దాటుతుంది, ఈ గట్టునే అడవి అంచున ఉంది అన్నాను. అతని వెనక ఎవరో కీబోర్డు కొడుతున్న చప్పుడు వినబడింది.

"రెండు రోజులు ఇస్తాను రాగ్న గారూ. ఆ రెండు రోజుల నీళ్లు తర్వాత ఎక్కడికి పోతాయో మాత్రం నన్ను అడక్కండి."

అడగను అన్నాను. ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఆ చేలో చిన్నప్పుడు కేరట్లు పీకాను.

ఏప్రిల్ 20, సాయంత్రం

గేటు మూశారు. ఇప్పుడు నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది.

నీళ్లు మెల్లగా దిగితే ఐస్ కూడా వాటి మీద మెల్లగా దిగి కూర్చుంటుంది. ఒక్కసారిగా లాగితే గట్టు పక్క ఐస్ గట్టుని పట్టుకుని వేలాడుతుంది. కింద ఖాళీ. పైనుంచి చూస్తే మంచు, తెల్లగా, ఏమీ ఎరగనట్టు. యోవ్నా, ఎల్లే వచ్చారు. గట్టు వెంబడి గడకర్రలతో పొడుచుకుంటూ నడిచాం. మంద దిగాల్సిన చోట ఐస్ అప్పటికే విరిగి కుంగింది. నడుమ నల్లటి పగులు, అందులో నీళ్లు.

యోవ్నా తిట్టలేదు. తిడితే బాగుండేది. నీ విందు బాగా సాగినట్టుందే అని మాత్రం అన్నాడు.

రేపు వద్దన్నాడు. రెండు రాత్రులు, ఒక పగలు ఐస్‌ని కూర్చోనిద్దాం, ఎల్లుండి పొద్దున దాటిద్దాం అన్నాడు. అంటే ట్రూల్స్ ఇచ్చిన రెండు రోజుల అంచున.

ఏప్రిల్ 21

ముగ్గురం పగులు కప్పాం. స్ప్రూస్ కొమ్మలు అడ్డంగా పరిచి, పైన మంచు పోసి, తొక్కి, మళ్లీ పోసి. రెయిన్‌డీర్లు నల్లని చోట కాలు పెట్టవు. తెల్లగా ఉంటే చాలు, వాటికి నమ్మకం. మనుషుల్లాగే అంది ఎల్లే. ఆ పిల్ల ఈ రోజు అన్న మాటల్లో అదొక్కటే గుర్తుంది.

కొమ్మలు మళ్లీ నాటాను. ఉన్న స్ప్రూసే. బర్చ్ కోసం పోతే చీకటి పడుతుంది. నాచు దులపమని యోవ్నా అన్నాడు. కొన్ని దులిపాను. చేతులు తిమ్మిరెక్కాయి. వదిలేశాను.

అక్క ఫోన్ చేసింది. గేటు తెరిచి మళ్లీ మూశారట, ఊళ్లో అనుకుంటున్నారు, నిజమా అంది. నిజమే అన్నాను. ఎందుకు అని అడగలేదు. చేతితొడుగులు ఇంకో జత అల్లనా అని అడిగింది. వద్దక్కా, పాతవి బాగానే ఉన్నాయి అన్నాను.

ఏప్రిల్ 22

దాటాయి. వివరంగా రాయాలి, రేపటికి మర్చిపోతాను.

పొద్దున వెలుతురు బూడిద రంగులో ఉంది. గాలి లేదు. ముందు యోవ్నా, అతని చేతిలో తాడు, తాడు చివర గంట కట్టిన ముసలి పోతు. దాని పేరు బిషప్. నడక అలాంటిది, ఎవరికోసమూ తొందరపడదు. దాని వెనక మంద. చివర్న ఎల్లే, స్కూటర్ ఆపేసి, స్కీల మీద, అరవకుండా తోలుతూ. నేను పక్కగా బరమాతో.

గట్టు దగ్గర పగులు మీద నుంచి బిషప్ వాసన చూసుకుంటూ నడిచాడు. మిగతావి అతని అడుగులో అడుగేశాయి. గిట్టల చిటచిట తప్ప శబ్దం లేదు. పొట్టలు బరువుగా ఊగుతున్నాయి. ఒక్కటి కూడా కూలలేదు. అక్కడే సగం ఊపిరి వదిలాను. వదలకూడదు.

నడిమధ్యలో బిషప్ ఆగాడు. కొమ్మ దగ్గర. నాచు.

యోవ్నా తాడు లాగాడు. బిషప్ ఒక నోటెడు తిని కదిలాడు. తర్వాతి కొమ్మ దగ్గర మళ్లీ ఆగాడు. ఈసారి కదల్లేదు. వెనక నుంచి మంద వస్తూనే ఉంది. ముందు ఆగింది, వెనక ఆగలేదు. విడివిడిగా ఉన్నవి దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆ తర్వాత ఒక ముద్దయ్యాయి. అంత బరువూ ఒక్క చోట.

ఐస్ మాట్లాడింది. దూరం నుంచి మొదలై మా కాళ్లకిందుగా పోయి అవతలి కొండకి తగిలింది. ఆ శబ్దం నేను ముప్పై ఏళ్లుగా ఇంట్లోంచి విన్నాను, మంచం మీద పడుకుని. దాని మీద నిలబడి వినలేదు.

యోవ్నా నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. పెంచితే మంద బెదురుతుంది.

"ముందున్న కొమ్మలు పీకెయ్ తల్లీ. లేకపోతే ఈ బిషప్ ఇక్కడే భోజనానికి కూర్చుంటాడు."

పరుగెత్తాను. యాభై తొమ్మిదేళ్ల మనిషి ఐస్ మీద పరుగెత్తితే ఎలా ఉంటుందో అలా. రాత్రి చలి తగ్గి కొత్తగా నాటినవి పూర్తిగా బిగుసుకోలేదు, అదొక అదృష్టం. మొదటి కొమ్మ పీకి చంకలో పెట్టుకున్నాను. రెండోది. మూడోది విరిగింది. వెనక గంట శబ్దం కదిలింది. చూస్తే బిషప్ నా వెనకే వస్తున్నాడు. నా చంకలోని నాచు కోసం. యోవ్నా తాడు వదులు చేసి పక్కకి తప్పుకున్నాడు.

అలా నడిచాం. నేను దారి పీక్కుంటూ ముందు, నేను పీకేసిన దారి వెంట మంద. చంక నిండితే భుజం మీద వేసుకున్నాను. బిషప్ ముక్కు నా వీపుకి తగిలింది రెండుసార్లు. వెచ్చగా ఉంది. ఆగితే అందరం ఆగుతాం. అదొక్కటే బుర్రలో ఉంది. నడుం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

అవతలి గట్టు ఎక్కి కొమ్మల మోపు నేల మీద పడేశాను. బిషప్ ముందు తిన్నాడు, మిగతావి మీదపడ్డాయి. నాచు ఒక్క పోగు మిగల్లేదు. కడపటి రెయిన్‌డీర్ ఐస్ దిగేసరికి ఎల్లే మొహం తుడుచుకుంటోంది, చెమటే అనుకుంటాను.

ఎన్ని పోయాయని అడిగాను. ఏమీ పోలేదంది.

యోవ్నా సంచిలోంచి ఎండు మాంసం తీసి కోసిచ్చాడు. ముగ్గురం రాయి మీద కూర్చుని నమిలాం. కృతజ్ఞతలు చెప్పడం అతనికి రాదు, నాకు వినడం రాదు. బిషప్‌కి నువ్వు నచ్చావు, పెళ్లికొడుకు ముసలాడే కానీ కుదురైనవాడు అన్నాడు.

ఎల్లే నన్ను వెనక్కి దింపింది, తన స్కీల వెంట, ఒక్కొక్కరం దూరదూరంగా. బట్టతలలైన కొమ్మలు అవతలి గట్టునే వదిలేశాం. తర్వాత తెచ్చుకోవచ్చనుకున్నాను.

ఈ వైపు మిగిలినవి నేనే పీకాను. కెమెరా ముందున్నవి ఆఖర్న. పీకి, కెమెరా వైపు చెయ్యూపాను.

కాసేపటికి గేటు హోరు మొదలైంది.

ఏప్రిల్ 23

లేవలేదు.

మే 4

ఎల్లే ఫోటో పంపింది. తడి తడిగా, కాళ్లు ఎటు పెట్టాలో తెలీని పిల్ల ఒకటి. కింద ఏమీ రాయలేదు.

గేటు తెరిచే ఉంది. ఐస్ గట్లమీద పలకలు పలకలుగా కూలి ఉంది, పగిలిన గిన్నెల దుకాణంలా. అవతలి గట్టుకి ఇక దారి లేదు, ఐస్ కరిగి పడవలు తిరిగేదాకా. కొమ్మలు అక్కడే.

మే 17

జాతీయ దినోత్సవం. కింద ఊరికి వెళ్లి బ్యాండు చూశాను. అక్క పండగలకి వేసే పాత బునాద్ గౌను వేసుకుంది, నడుం దగ్గర వదులు చేయించుకుందట. బావ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. సాసేజీలు తిన్నాం. ఆలుగడ్డ నాటేశారట. నేల ఈసారి మంచి పదునుమీద ఉందని బావ చెప్పాడు. నావైపు చూడకుండా చెప్పాడు.

మే 29

ఎండ. కోటు లేకుండా తిరుగుతున్నాను. కొండలన్నీ కారుతున్నాయి, రాత్రీ పగలూ. జలాశయం రోజురోజుకీ పైకి వస్తోంది. ఇంకా చోటుంది.

జూన్ 2

చోటు తగ్గింది. ట్రూల్స్ రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఏమీ అడక్కుండా. పైన వాన కూడా పడిందట. ఆ రెండు రోజులు మూయకపోయి ఉంటే అని నేను మొదలుపెట్టాను. లెక్క వేశాను, తేడా ఎంతో ఎవరూ చెప్పలేరు అన్నాడు. కొంచెం అయితే ఉంటుంది అన్నాడు. ఆ కొంచెం ఎవరిదో చెప్పే లెక్క లేదట.

అబద్ధం చెప్పలేదు, మంచివాడే.

జూన్ 5

నిండింది. ఆనకట్ట అంచుమీద నుంచి దూకుతోంది. అవతలి గట్టు అంచు కనబడటం లేదు, అక్కడ వదిలేసిన కొమ్మలూ లేవు.

అక్కకి ఫోన్ చేశాను. గొడ్లని, ట్రాక్టర్‌ని పైకి తోలారట. నువ్వు నిద్రపోతున్నావా అని నన్ను అడిగింది.

జూన్ 6

ఊరు మునగలేదు. సెల్లార్లలో మడమల దాకా వచ్చి ఆగింది. సాల్మన్ వాళ్ల పాక ఒకటి పోయింది. అక్క చేను మునిగింది.

జూన్ 10

నీళ్లు తీశాయట. అక్క ఫోన్. ఆలుగడ్డ చాళ్లలో స్ప్రూస్ కొమ్మలు దొరికాయంది. ఆకు లేదు, నాచు లేదు, ముడులు మాత్రం ఊడలేదట. ఆ ఊలు తనకి తెలుసంది.



విప్పి, ఉతికి, ఆరేశానంది.